థర్మోస్టాట్ మార్చిన చేతులకు వందనం

కారున్న ప్రతి మగవాడూ జీవితంలో ఒక్కసారైనా తన స్వహస్తాలతో ఇంజన్ థర్మోస్టాట్ మార్చి తీరాలని చట్టం చెయ్యాలి. మార్చనివాడి లైసెన్సు రద్దు చెయ్యాలి. వీలైతే పెళ్లి కూడా!

నవ్వకండి. సరదాకి అనడం లేదు. ఈమధ్య మా అక్కగారింట్లో మూడు రోజులు టార్చిలైటు పట్టుకుని నిలబడ్డ అనుభవంతో అంటున్నాను. మెడ ఇంకా పట్టేసే ఉంది. అయినా అంటున్నాను.

థర్మోస్టాట్ అంటే ఏమిటో తెలియని దురదృష్టవంతుల కోసం రెండు ముక్కలు. అది అరచేతిలో ఇమిడిపోయే ఓ లోహపు బిళ్ల, దానికో స్ప్రింగు. ఇంజను చల్లగా ఉన్నంతసేపూ తలుపు మూసుక్కూర్చుంటుంది. ఇంజను వేడెక్కగానే తలుపు తీసి, కూలెంట్ అనే రంగునీళ్లని రేడియేటర్లోకి వదులుతుంది. అవి అక్కడ చల్లబడి మళ్లీ ఇంజన్లోకి వస్తాయి. అంతే దాని ఉద్యోగం. సెలవు లేదు, ప్రమోషన్ అంతకన్నా లేదు. ఇంత చిన్న వస్తువు ఒక సంసారాన్ని ఆడించి పారేసిందంటే దాని ఘనత ఏపాటిదో మీరే ఆలోచించండి!

మా బావగారు రికార్డుల ఆఫీసులో సూపరింటెండెంటు. ఇరవై రెండేళ్ల సర్వీసు. నోటిమాట అంటే ఆయనకు గిట్టదు. కౌంటరు దగ్గర ఎవరైనా గోడు వెళ్లబోసుకోబోతే చెయ్యి అడ్డంపెట్టి, "రాసివ్వండి" అంటారు. రాసిస్తే దాని మీద నంబరు వేస్తారు. నంబరు పడ్డాక ఆ గోడు తీరిపోయినట్టే. ఆయన వరకూ!

ఇక మా అక్క. ల్యాబ్ టెక్నీషియన్. పిల్లలు, బదిలీలు, అత్తగారి మంచం, వీటన్నిటి మధ్యా తొమ్మిదేళ్ల కిందట ఉద్యోగం మానేసింది. మళ్లీ ఇన్నాళ్లకు ఊరి చివర ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. సోమవారం పొద్దున ఏడింటికి చేరాలి. ఇంటర్వ్యూలో చదువు గురించి పెద్దగా అడగలేదట. "అంత పొద్దున ఇటు ఆటోలు రావు, మొదటి బస్సు ఎనిమిది దాటితే గానీ రాదు. ఏడింటికల్లా రాగలరా? ముందు పెట్టుకున్న ఇద్దరూ ఆలస్యంగా వస్తున్నారని వారంలోనే పంపేశాం" అన్నారట. "కారుంది. నేనే నడుపుకుంటూ వస్తాను" అంది అక్క. ఆ ఒక్క మాట మీద ఉద్యోగం ఇచ్చారు.

అవును, ఆ ఇంట్లో కారు నడిపేది అక్కే. బావగారు ఆఫీసు బస్సులో వెళతారు. కారులో ఆయన చోటు పక్కసీటు. అది కూడా కళ్లు మూసుకుని.

సరే, గురువారం సాయంత్రం అక్క బయటికెళ్లి వచ్చి, తాళం బల్ల మీద పెట్టి, "ఏమండీ, కారు వేడెక్కిపోతోంది. సిగ్నల్ దగ్గర ఆగితే చాలు, ముల్లు ఎర్రగీత దాకా..." అనబోయింది.

"థర్మోస్టాట్!" అన్నారు బావగారు.

చూశారా ఆ వేగం! వాక్యం పూర్తి కాకుండానే రోగనిర్ధారణ! ఏ డాక్టరుకి చేతనవుతుంది? ఆ మధ్యాహ్నమే ఆయన ఆఫీసులో భోజనానంతరం ఫోనులో ఒక వీడియో చూశారు. అందులో ఒక చొక్కా నలగని మనిషి థర్మోస్టాట్‌ని పదకొండు నిమిషాల్లో మార్చేశాడు. చేతులకి మరక కూడా అంటలేదు. ఆ క్షణం నుంచీ బావగారి చేతులు దురదగా ఉన్నాయి. ఇంటికొచ్చేసరికి కారే వేడెక్కి ఎదురొచ్చింది. ఇంతకంటే శుభం ఏముంటుంది?

"వీధి చివర మెకానిక్‌కి చూపిద్దామండీ, సోమవారానికి కావాలి కదా" అంది అక్క.

"మెకానిక్కా! పదకొండు నిమిషాల పనికి మెకానిక్కా!" అని బావగారు శుక్ర, శనివారాలు సెలవు పెట్టేశారు. నాకు ఫోన్ చేసి, "వచ్చేటప్పుడు టార్చి తీసుకురా" అన్నారు.

ఇంటి దగ్గర రిపేరు వల్ల కలిగే లాభాల్లో మొదటిది విద్యాభివృద్ధి. శుక్రవారం మేమిద్దరం ముప్పై ఏడు వీడియోలు చూశాం. పాత ఫైళ్లన్నీ తిరగెయ్యకుండా కొత్త ఫైలు తెరవడం బావగారి ఇంటా వంటా లేదు. ఒక వీడియోలో స్ప్రింగు ఇంజన్ వైపు ఉండాలన్నారు. ఇంకోదానిలో అలా పెట్టకపోతే బండి బొగ్గవుతుందన్నారు. మూడోదానిలో ఓ కుర్చీ గురించి చెప్పారు, అది వేరే వీడియో, పొరపాటున తగిలింది, దాన్ని కూడా చివరిదాకా చూశాం. ఈ వయసులో ఇంత శ్రద్ధగా చదువుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది చెప్పండి?

సాయంత్రం అక్క టీ తెచ్చి, "నేనొక మాట చెప్పనా?" అంది.

"ఉండు, ఇక్కడ ముఖ్యం" అన్నారు బావగారు, ఫోనులోంచి తల ఎత్తకుండా. నేను కూడా, "ఒక్క నిమిషం అక్కా" అన్నాను. టీ చల్లారిపోయింది.

రెండో లాభం సామాజిక సమైక్యత. శనివారం పొద్దున కారు బానెట్ ఎత్తాం. అంతే! పై వాటా పెద్దాయన వచ్చాడు. ఎదురింటాయన వచ్చాడు. పేపరు వేసే మనిషి సైకిలు స్టాండ్ వేసి మరీ వచ్చాడు. మూడేళ్లుగా పక్కింటాయనకీ బావగారికీ మాటల్లేవు, ఆయన కూడా వచ్చి బంపరు మీద చెయ్యేసి నిలబడ్డాడు! శాంతి సంఘాల వాళ్లు ఊరికే సభలు పెడతారు గానీ, నాలుగు రోడ్ల కూడలిలో ఒక బానెట్ ఎత్తి పెడితే చాలదా? పై వాటా పెద్దాయన, "అసలు థర్మోస్టాటే అక్కర్లేదయ్యా, తీసి పారెయ్, మా రోజుల్లో ఎవడు పెట్టాడు" అన్నాడు. ఎదురింటాయన రేడియేటర్ అన్నాడు. పేపరు మనిషి కాసేపు ఇంజన్‌లోకి తొంగి చూసి, "జాతకం బాగాలేదు" అన్నాడు. అందరి అభిప్రాయాలూ బావగారు కాగితం మీద రాసుకున్నారు.

ఆ కారు రోజూ నడిపే మనిషి అభిప్రాయం? ఆవిడ లోపల అందరికీ టీ పెడుతోంది కదా, ఖాళీ ఎక్కడిది?

ఇక శస్త్రచికిత్స. కూలెంట్ దించడానికి పాత్ర కావాలి. వంటింట్లోంచి పెద్ద బేసిన్ మాయమైంది. రబ్బరు పైపు ఊడదీయాలి. తొమ్మిదేళ్లుగా అతుక్కుపోయిన పైపు, అలిగిన చుట్టంలా బిగుసుక్కూర్చుంది. బావగారు ఒక కాలు బంపరు మీద పెట్టి లాగారు. నేను బావగారిని లాగాను. పైపు వచ్చింది. దాంతో పాటు లోపల మిగిలిపోయిన ఆకుపచ్చ నీళ్లు కూడా వచ్చాయి. ముందుగా నా మొహం మీదికి.

ఊడదీసిన ప్రతిదాన్నీ బావగారు ఒక ఆఫీసు కవరులో వేసి, మీద నంబరు రాశారు. బోల్టు, ఒకటో కవరు. రెండో బోల్టు, రెండో కవరు. పైపు క్లిప్పు, మూడు. నంబరు లేనిది కింద పెట్టడానికి వీల్లేదు. ఇదంతా స్టూలు మీద నిలబెట్టిన ఫోనులో రికార్డవుతోంది. లోకానికి ఉపయోగపడాలి కదా! మనకి ముప్పై ఏడు వీడియోలు ఇచ్చిన లోకానికి మనం ఒక్కటైనా తిరిగివ్వకపోతే ఎలా?

అక్క గుమ్మంలోకి వచ్చి నిలబడింది. ఏదో చెప్పడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఒక బోల్టు బావగారి వేళ్లలోంచి జారి, ఇంజన్ పేగుల్లోకి టింగుటింగుమంటూ వెళ్లిపోయింది. మేమిద్దరం నేల మీద పడుకున్నాం. అక్క చెప్పడం పూర్తిచేసింది. "విన్నారా?" అంది.

"నోటిమాట నాకు గుర్తుండదు, రాసిపెట్టు" అన్నారు బావగారు కారు కిందనుంచి.

అక్క లోపలికెళ్లి నిజంగానే రాసుకొచ్చింది. చిన్న చీటీ. అప్పటికి దొరికిన బోల్టుని ఎనిమిదో కవరులో వేసిన బావగారు గ్రీజు చేత్తో చీటీ అందుకుని, అలవాటు కొద్దీ కవరులో పెట్టి, తొమ్మిది అని నంబరు వేసి, వరసలో పెట్టేశారు. చదివారా అంటారేమిటండీ? నంబరు వేశారు కదా!

మూడో లాభం, వంటింటితో మగవాడి అనుబంధం. పాత థర్మోస్టాట్ పాడైందో లేదో తెలుసుకోవాలంటే మరిగే నీళ్లలో వెయ్యాలని వీడియో చెప్పింది. పెళ్లయి పద్దెనిమిదేళ్లయినా స్టవ్ ఏ వైపు తిప్పితే వెలుగుతుందో తెలియని బావగారు ఆ రోజు తన చేత్తో పాలగిన్నె పెట్టి నీళ్లు కాచారు! నాకు కళ్లు చెమర్చాయి. కూలెంట్ పడడం వల్ల కూడా అయ్యుండొచ్చు.

నీళ్లు మరిగాయి. థర్మోస్టాట్ చక్కగా, నిదానంగా తలుపు తెరిచింది. బయటికి తీస్తే మూసుకుంది. మళ్లీ వేస్తే తెరిచింది. అంటే ఏమిటి? అది బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట!

అలా అనుకునేవాడు మామూలు మనిషి. బావగారు ఒక్క క్షణం ఆలోచించి, "ఎదురుగా నిలబడితే పనిచేస్తోంది. ఇంజన్లోకి వెళ్లాక ఎగ్గొడుతోంది. ఇలాంటివాళ్లు మా సెక్షన్లో ఇద్దరున్నారు" అన్నారు. ఆ ముక్క నాకు చాలా నచ్చింది. కొత్తది తెచ్చాం.

ఆదివారం బిగింపు. స్ప్రింగు ఇంజన్ వైపే పెట్టాం, కొత్త రబ్బరు వాషరు వేశాం, కవర్లు వరసగా విప్పుకుంటూ వచ్చాం. ఒకటి, రెండు, మూడు... ఎనిమిది. అన్నీ అయిపోయాయి. బల్ల మీద తొమ్మిదో కవరు మిగిలింది!

బావగారి మొహం పాలిపోయింది. ఏ బోల్టు వదిలేశాం? ఎక్కడిది? మళ్లీ మొత్తం విప్పాలా? గబగబా కవరు చింపారు. చీటీ!

"హమ్మయ్య, కాగితమేనా!" అన్నారు బావగారు. నేను కూడా గుండెల మీద చెయ్యి వేసుకున్నాను. ఇద్దరం హాయిగా నవ్వుకున్నాం. చీటీ తీసుకెళ్లి ఆయన టూల్‌బాక్సులో భద్రంగా పెట్టారు.

తర్వాత కూలెంట్ నింపి, గాలి బుడగలు పోవాలని కారు కదలకుండా నిలబెట్టి ఇంజను స్టార్ట్ చేశాం. ముల్లు లేచింది. సగానికి వచ్చింది. సగం దాటింది. ఎర్రగీత తాకింది. అప్పుడు ఇంజన్‌లోంచి ఒక ఈల, ఆ వెనక ఒక పొగ మేఘం! పై వాటా పెద్దాయన బాల్కనీలోంచి, "నే చెప్పానా, తీసి పారెయ్యమని!" అని అరిచాడు.

ఆదివారం. వీధి చివర మెకానిక్ షట్టరు దించేసి ఉంది. తెల్లవారితే సోమవారం. అక్క గుమ్మంలో నిలబడి పొగ వంక చూస్తోంది. దోసెడు నీళ్లు మొహాన చల్లుకుని వచ్చి, మడత పెట్టి ఉంచుకున్న తెల్లకోటు తీసి మళ్లీ ఇస్త్రీ చేసుకోవడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్ల తర్వాత కొనుక్కున్న కోటు అది. అది చూస్తుంటే, నిజం చెప్తున్నాను, నాకు అక్కణ్నుంచి లేచి వెళ్లిపోవాలనిపించింది.

"కొత్త పార్టు నకిలీది. రేపు మార్పిస్తాను. ఆసుపత్రికి ఫోన్ చేసి రెండు రోజులు ఆగమను" అన్నారు బావగారు.

"పొద్దున తాళం నాకివ్వండి" అంది అక్క.

"ఎలా వెళతావే? ఆగితే మరిగిపోతోంది!"

"అందుకే ఆగను" అంది అక్క.

సోమవారం పొద్దున అయిదున్నరకి బయల్దేరాం. నేను పక్కసీట్లో, ఒళ్లో నీళ్ల క్యాను. ఊళ్లోంచి వెళితే పన్నెండు కిలోమీటర్లు, పది సిగ్నళ్లు. అక్క ఊరి బయటి రోడ్డు పట్టింది. ఇరవై ఆరు కిలోమీటర్లు, సిగ్నళ్లు లేవు. అద్దాలన్నీ దించి, హీటరు ఫుల్లుగా పెట్టింది. ఇంజను వేడి కొంత మన మీదికి వచ్చేస్తే దానికి బరువు తగ్గుతుందట! నా చొక్కా తడిసి ముద్దయింది. ముల్లు మాత్రం సగం దగ్గరే ఉంది. "ఎవరు చెప్పారే?" అన్నాను. "ఆరేళ్ల నుంచి నడుపుతున్నాను రా" అంది.

సగం దారిలో రైల్వే గేటు పడింది. అక్క కంగారు పడలేదు. ఠక్కున ఇంజను ఆపేసింది. గూడ్సు బండి. నలభై ఏడు పెట్టెలు. లెక్కపెట్టాను, వేరే పనేముంది? అక్క స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని, వాచీ వంక ఒకసారి, గేటు వంక ఒకసారి చూస్తూ కూర్చుంది. గేటు లేచాక స్టార్ట్ చేసి, మళ్లీ ఎక్కడా ఆపకుండా, ఆరూ నలభై ఎనిమిదికి ఆసుపత్రి ఆవరణలోకి తిప్పింది.

అక్కడ అంబులెన్సు డ్రైవరు ఒకాయన టైర్లు చూసుకుంటున్నాడు. మా కారు వంకా, చెమటలు కక్కుతున్న నా వంకా చూసి దగ్గరికి వచ్చాడు.

"వేడెక్కుతోందామ్మా? ఎప్పుడెక్కుతోంది? నడిచేటప్పుడా, ఆగినప్పుడా?"

అక్క ఆయన వైపు తిరిగింది. "ఆగినప్పుడేనండీ. నడుస్తుంటే బాగానే ఉంటోంది. ఇదివరకు ఆగగానే ముందు ఫ్యాను గుర్రుమనేది. బుధవారం నుంచి ఆ చప్పుడు లేదు" అంది.

"ఫ్యాను ఫ్యూజు పోయుంటుంది తల్లీ. బండి ఆగినప్పుడు రేడియేటర్‌కి గాలి తగలాలంటే ఆ ఫ్యానే దిక్కు" అని ఆయన బానెట్ ఎత్తి, పక్కనున్న నల్ల డబ్బా మూత తీసి, వేలిగోరంత ప్లాస్టిక్ ముక్క ఊడబీకాడు. తన దగ్గరున్నదొకటి గుచ్చాడు. ఇంజను స్టార్ట్ చేయించి నిలబెడితే, కాసేపటికి ఫ్యాను గుర్రుమంది. మొత్తం అయిదు నిమిషాలు. వీడియో మనిషి కంటే ఆరు తక్కువ. "మళ్లీ పోతే మాత్రం ఫ్యాను చూపించుకోండి" అని చెప్పి వెళ్లిపోయాడు.

అక్క తెల్లకోటు వేసుకుంది. లోపలికి వెళ్లబోతూ ఆగి, "ఈ నాలుగు రోజుల్లో నన్ను ఎవరైనా ఏదైనా అడగడం ఇదే మొదటిసారి రా" అంది. ఏడింటికి రెండు నిమిషాల ముందు రిజిస్టరులో సంతకం పెట్టింది. నేను నీళ్ల క్యాను పట్టుకుని కారు పక్కన నిలబడ్డాను. సిగ్గేసింది. దాచుకోవడం ఎందుకు, చాలా సిగ్గేసింది.

అయితే ఇంటి రిపేరు గొప్పతనం మీద నా నమ్మకం చెదిరిందనుకుంటే పొరపాటు. అసలు లాభం సాయంత్రం తెలిసింది.

మేం ఇల్లు చేరేసరికి బావగారు వెలిగిపోతున్న మొహంతో ఎదురొచ్చారు. రాత్రి ఆయన తన వీడియో లోకానికి వదిలారట. "ఇంట్లోనే థర్మోస్టాట్ మార్చుకోండి". పొగ భాగం తీసేశారట. నూట పన్నెండు మంది చూశారు. ఒకాయన కామెంటు కూడా పెట్టాడు.

"ఎంత తెలివైనవాడో చూడు! ఎక్కడో కూర్చుని కనిపెట్టేశాడు. ఆగినప్పుడే వేడెక్కుతోందంటే ఫ్యానట! ముందే మనకెవరైనా ఈ ముక్క చెప్పుంటే ఎంత బావుండేది!" అంటూ ఫోను నా చేతికిచ్చారు.

చదివాను. "సార్, నాలుగో నిమిషంలో గుమ్మంలో నిలబడి ఒకావిడ చెబుతున్నారు చూడండి, అదే జబ్బు. ఆవిడ చెప్పింది వినండి సార్."

దాని కింద బావగారి జవాబు. "ధన్యవాదాలు సార్. మీలాంటి నిపుణులు చెప్పబట్టే మాలాంటివాళ్లకి తెలుస్తోంది."

అక్క నా భుజం మీదుగా ఆ రెండూ చదివింది. "నిజంగా నిపుణుడేనండీ" అని, కోటు కొక్కేనికి తగిలించి, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లిపోయింది.

బావగారు నా వంక చూశారు. ఆయన జవాబు ఎంతో మర్యాదగా ఉంది కదా, మెచ్చుకోకపోతే బాగుండదని, దానికి నేనూ ఒక లైకు కొట్టాను.